శ్రమకాలమంతా ముట్టను, ఈస్టర్ దాటగానే పడిపోతున్నాను

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక సోదరుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. వయసు 38. బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పని. శనివారం సాయంత్రం వారం కూలి చేతికొస్తుంది. భార్య, ఇద్దరు పిల్లలు. ఆదివారం ఆరాధనలో డోలక్ వాయించేది ఈయనే.

ఏడేళ్లుగా ఏటా రెండుసార్లు తాగుడు మానేస్తున్నారు. డిసెంబర్ 31 రాత్రి చర్చిలో వాచ్‌నైట్ ఆరాధనలో, కొత్త ఏటికి వాక్యం రాసిచ్చే వాగ్దాన కార్డు చేతిలో పట్టుకుని కన్నీళ్లతో ఒకసారి. అది సంక్రాంతి దాకా నిలిస్తే గొప్ప. రెండోసారి భస్మ బుధవారం నాడు, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలం మొదలయ్యే రోజున. అప్పుడు మాత్రం గట్టిగా నిలబడతారు, శ్రమకాలమంతా చుక్క ముట్టరు. ఈస్టర్ దాటిన వారంలోనే మళ్లీ మొదలు. మొదటి రోజు ఒక క్వార్టర్, నాలుగో రోజుకు రెండు, ఆ తర్వాత పొద్దున్నే చేతుల వణుకు ఆగడానికి కొంచెం. అలా పది పన్నెండు రోజులు షాపుకూ వెళ్లరు, చర్చికీ వెళ్లరు.

రెండేళ్ల కిందట భస్మ బుధవారం ఉపవాసంతో తాగుడు ఆపిన మూడో రాత్రి, గోడ మీద చీమలు బారులు తీరి పాకుతున్నాయని కేకలు పెట్టారట. ఒళ్లంతా చెమట, వణుకు. ప్రార్థన బృందం వాళ్లు వచ్చి దురాత్మ పట్టిందన్నారు. ఈయన తండ్రి కూడా తాగుడుతోనే 51వ ఏట పోయారు కాబట్టి ఇది పితరుల శాపమని, మూడు శుక్రవారాలు ఉపవాసంతో వస్తే తెగిపోతుందని చెప్పారు. వెళ్లారు. అయినా పడ్డారు. ఈమధ్య ఎవరో ఇచ్చిన పొడి భార్య కూరలో కలిపితే, తాగి వచ్చి తిన్న ఆ రాత్రి మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులతో కుప్పకూలారు. ఆమె చెవి కమ్మలు తాకట్టులో ఉన్నాయి. ఒకసారి ఆమె మీద చెయ్యి చేసుకున్నారు. పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోతానని ఆమె అంటోంది.

"నాది శాపమేనా? మళ్లీ బాప్తిస్మం తీసుకోనా? మాత్రలు మింగితే దేవుణ్ని కాదన్నట్టేనా? ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడంలో) పాలు పొందవచ్చా? పాస్టరు గారికి చెప్పాలా?" ఇవీ ప్రశ్నలు. ఉత్తరం రాసేనాటికి తాగుడు మొదలై పదకొండో రోజు. "రేపటి నుంచి ఉపవాసముండి ఒక్కసారిగా ఆపేస్తాను" అని ముగించారు.

సోదరా, వందనాలు. మీ ఆఖరి మాటతోనే మొదలుపెడతాను. రేపు అలా ఆపకండి. మానొద్దని కాదు. ఇంట్లో ఒక్కరే ఉండి, తిండి మానేసి, ఉన్నపళంగా ఆపొద్దని.

రోజుకు రెండు క్వార్టర్లంటే 360 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీల్లో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. లెక్క వేస్తే మీ ఒంట్లోకి రోజూ 120 గ్రాముల పైనే వెళ్తోంది. రోజుల తరబడి అంత మత్తుకు అలవాటు పడిన మెదడుకు అది ఒక్కసారిగా అందకపోతే అదుపు తప్పుతుంది. ఆఖరి గుక్క తర్వాత 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి 48 గంటల లోపు ఫిట్స్ వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనబడటం, తానెక్కడున్నాడో తెలియకపోవడం, జ్వరం, గుండె వేగం పెరగడం. బుధవారం ఆపారు, శుక్రవారం రాత్రి చీమలు కనబడ్డాయి. మీకు వచ్చింది ఇదే. దీనికి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఒకసారి ఈ దశ దాకా వెళ్లినవారికి మళ్లీ ఆపినప్పుడు అది ఇంకా తీవ్రంగా వచ్చే అవకాశం ఎక్కువ. మానడం, మొదలుపెట్టడం, మళ్లీ మానడం అన్న మీ ఏడేళ్ల చక్రమే మెదడును అంతకంతకూ సున్నితం చేస్తోంది.

ఆ రాత్రి మీ ఇంటికొచ్చి ప్రార్థించినవాళ్లు ప్రేమతోనే వచ్చారు, వాళ్ల మీద కోపం పెట్టుకోకండి. కాని మత్తయి 4:24 ఒకసారి తీసి చూడండి. యేసు దగ్గరికి తెచ్చినవాళ్లలో దయ్యం పట్టినవారిని వేరుగా, చాంద్రరోగులను, అంటే మూర్ఛ వచ్చేవారిని, వేరుగా, పక్షవాయువు గలవారిని వేరుగా రాశాడు మత్తయి. అన్నిటినీ ఒకే గాటన కట్టలేదు. మనం మాత్రం ఎందుకు కట్టాలి?

ఉపవాసం సంగతి. ఎక్కువ తాగేవారి ఒంట్లో థయామిన్, అంటే బీ1 విటమిన్, అడుగంటి ఉంటుంది. తిండి మానేస్తే అది ఇంకా తగ్గుతుంది. అది లేకుండా ఒంట్లోకి గ్లూకోజ్ వెళ్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మన ఊళ్లలో తాగి నీరసపడినవాడికి ముందు ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించడం అలవాటు. ఎవరైనా అలా సూది పట్టుకుని వస్తే "ముందు బీ1 ఇవ్వండి, నేను రోజూ తాగేవాణ్ని" అని నోరు తెరిచి చెప్పండి. ఉపవాసం మంచిదే, మీకు ఈ నెల కాదు. ఏలీయా ప్రవక్త చావాలని కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు ముందు నిద్ర ఇచ్చాడు, రొట్టె ఇచ్చాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ నిద్ర ఇచ్చాడు. మాట్లాడటం ఆ తర్వాతే.

కాబట్టి మొదటి మెట్టు ఆసుపత్రి. మీకు మూడు దారులున్నాయి. బోధనాసుపత్రిలో గాని, జిల్లా ఆసుపత్రిలో గాని మానసిక వైద్య విభాగంలో చేరడం ఒకటి. వారం పది రోజులు పడుతుంది. క్లోర్‌డయజెపాక్సైడ్ లాంటి మందు ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గిస్తూ ఐదారు రోజుల్లో ఆపేస్తారు, బీ1 ఇంజక్షన్లు ఇస్తారు, కాలేయం పరీక్ష చేస్తారు. ఖర్చు తక్కువ, కూలి పోతుంది, తోడు ఒకరుండాలి. రెండోది, డాక్టరుకు చూపించుకుని ఇంట్లోనే మందులు వాడటం. కొద్దిగా తాగేవాళ్లకు అది చాలు. గోడ మీద చీమలు చూసిన మీకు అది సరిపోదు. మూడోది ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటరు. వీటిలో మంచివీ ఉన్నాయి, జైళ్లలాంటివీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద నమోదైందా, సైకియాట్రిస్టు ఏయే రోజుల్లో వస్తారు, ఇంటివాళ్లను చూడనిస్తారా అని మూడూ అడగండి. గొలుసులతో కట్టేయడాన్ని ఆ చట్టం నిషేధించింది, ఆ కట్టేసేది ప్రార్థన మందిరం పేరుతో నడిచే చోటైనా సరే. ఎక్కడికెళ్లాలో తేలకపోతే 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రెండూ ఉచితం. ఈలోగా ఫిట్స్ గాని, లేనివి కనబడటం గాని జరిగితే ఆలోచించకుండా 108.

మాత్రలు మింగితే దేవుణ్ని కాదన్నట్టేనా అన్నారు. హిజ్కియా రాజు జబ్బుపడి ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అంత మాట ఇచ్చాక కూడా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు యెషయా ప్రవక్త. 2 రాజులు 20వ అధ్యాయంలో ఉంది. బీపీ మాత్ర వేసుకుని పుల్పిట్ ఎక్కే సేవకుణ్ని అవిశ్వాసి అని మనలో ఎవరూ అనరు. తాగుడు మందు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎక్కడలేని విశ్వాసం గుర్తొస్తుంది.

ఒళ్లు కుదుటపడ్డాక తాగాలన్న యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే మందులున్నాయి. ఏది సరిపోతుందో కాలేయం, కిడ్నీల పరీక్షలు చూసి డాక్టరే చెప్పాలి. మీ భార్య కలిపిన పొడి ఏమిటో నాకు తెలియదు గాని, మీరు రాసిన లక్షణాలు డైసల్ఫిరామ్ లక్షణాల్లా ఉన్నాయి. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే ఆల్కహాల్ మధ్యలో విరిగి విషంలా పేరుకుంటుంది, మొహం ఎర్రబడుతుంది, బీపీ పడిపోతుంది, గుండె ఆగనూ వచ్చు. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వేసుకునేవాళ్లకు అది కంచెలా పనికొస్తుంది. తెలియకుండా కూరలో కలిపితే ప్రాణాల మీదికి తెస్తుంది. చెల్లెమ్మను తప్పుపట్టకండి, ఏ దారీ తోచక చేసింది. ఆ పొట్లం ఇంకా ఉంటే డాక్టరుకు చూపించి పారేయండి.

ఇక అసలు విషయం. మీ పని నుంచే ఒకటి అడుగుతాను. ఒకే మోటారు ఏడాదిలో మూడోసారి కాలి మీ షాపుకొస్తే ఏం చేస్తారు? మళ్లీ రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి పంపేస్తారా? బేరింగు పట్టేసిందా, ఒక ఫేజు పోయి రెండిటి మీదే నడిచిందా, వోల్టేజీ లోనా, నీళ్లు లేని బోరులో తిరిగిందా అని రైతును నాలుగు ప్రశ్నలు అడగరూ? మీ విషయంలో మీరు ఏడేళ్లుగా వైండింగే చేస్తున్నారు. వాచ్‌నైట్‌లో ఒకసారి, భస్మ బుధవారం ఒకసారి. ఎందుకు కాలిందో ఎవరూ చూడలేదు.

మీరు ఉత్తరంలో రాసిన ఐదు సందర్భాలనూ పక్కపక్కన పెట్టి చూశాను. మూడు ఈస్టర్ తర్వాతి శనివారాలు. ఒకటి భోగి ముందు రోజు, షాపులో పండగ డబ్బులు పంచినప్పుడు. ఒకటి బావమరిది పెళ్లిలో. పెళ్లి తీసేస్తే మిగతా నాలుగూ ఒకే అచ్చు. జేబులో డబ్బు, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత కడుపులో ఏమీ లేకపోవడం, ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య, షాపు నుంచి బస్టాండుకు వెళ్లే దారి, పక్కన ఎవరూ లేకపోవడం.

మరి శ్రమకాలంలో అదే శనివారం, అదే కూలి, అదే దారి. అప్పుడెందుకు పడలేదు? జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించలేదు. "శ్రమకాలంలో రోజూ సాయంత్రం ఏడింటికి ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూడిక, డోలక్ నేనే పట్టుకెళ్తాను" అని రెండో పేజీలో రాశారు. అంటే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా, ఆదివారాలు కలిపితే 46 సాయంత్రాలు, సరిగ్గా మీరు పడిపోయే గంటలో మీ చుట్టూ మనుషులున్నారు, చేతికి పని ఉంది, కూడిక అయ్యాక ఆ ఇంటివాళ్లు పెట్టే ఉప్మా ఉంది. ఈస్టర్‌తో అన్నీ ఒక్కరోజున ఆగిపోతాయి. మీ విశ్వాసం ఈస్టర్ నాడు చల్లారలేదు. ఏడు గంటల కూడిక ఆగింది.

మత్తయి 12:43-45లో యేసు చెప్పిన ఇల్లు ఇదే. ఊడ్చారు, అమర్చారు, కాని ఖాళీగా ఉంచారు. వెళ్లిపోయిన దురాత్మ ఇంకా ఏడింటిని వెంటేసుకుని తిరిగొచ్చింది. మనం ఊడ్చడం గురించే ఎక్కువ ప్రసంగాలు వింటాం.

ఇంకో చిక్కు మీ మొక్కుబడిలోనే ఉంది. "ఈస్టర్ దాకా ముట్టను" అన్నప్పుడు ఆ మాటకు చివరి తేదీ కూడా మీరే రాసిచ్చారు. మనసు రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. "ఇక జన్మలో ముట్టను" అన్నా లాభం లేదు, ఆ బరువు ఒక్క శనివారం కూడా మోయలేరు. అరణ్యంలో మన్నా ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు దేవుడు, మర్నాటికి దాచుకున్నది పురుగుపట్టింది. పొద్దున్న షాపుకు బయల్దేరే ముందు "ప్రభువా, ఈ రాత్రి పడుకునే దాకా" అని అడగండి. రేపటిది రేపు అడుగుదురుగాని.

పడ్డ తర్వాత జరిగేది ఇంకా ముఖ్యం. మొదటి రోజు మీరు తాగింది ఒక క్వార్టర్. మిగతా పది రోజులు తాగించింది దాహం కంటే సిగ్గే. "ఎలాగూ పడ్డాను, ఇంకేం మొహం పెట్టుకుని చర్చికి వెళ్తాను" అన్న మాట మీ ఉత్తరంలో నాలుగుసార్లు ఉంది. నీతిమంతుడు ఏడుసార్లు పడినా లేస్తాడని సామెతలు 24:16. పడటం ఒక సాయంత్రం పని. లేవకపోవడం పదకొండు రోజుల పని. ఈ రెండిటినీ విడదీయండి. రేపెప్పుడైనా పడితే ఆ రాత్రి పడుకోకముందే ఒక్కరికి ఫోన్ చేసి చెప్పాలి, మర్నాడు తిని పనికి వెళ్లాలి, వచ్చే ఆదివారం చర్చిలో కూర్చోవాలి. తాగింది ఒకరోజా నాలుగు రోజులా అన్నదాన్ని బట్టి డాక్టరుకూ చెప్పాలి. పడకముందే ఇది కాగితం మీద రాసి పెట్టుకోవడం విశ్వాసలోపం కాదు. మోటారు బాగున్నప్పుడే కదా స్టార్టరులో రిలే పెట్టేది.

శాపం గురించి. నిర్గమకాండం 20:5లో తండ్రుల దోషం కుమారుల మీదికి రావడం గురించి ఉన్నమాట నిజమే. అదే పట్టుకుని "తండ్రులు పుల్లని ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయి" అని ఇశ్రాయేలీయులు సామెతగా చెప్పుకుంటుంటే, ఇకమీదట ఆ సామెత ఎత్తొద్దని దేవుడే గట్టిగా చెప్పాడు. యెహెజ్కేలు 18వ అధ్యాయం మొత్తం చదవండి. తాగుబోతు కొడుకు తాగుబోతు కావాలన్న రాత లేదు. వారసత్వంగా వచ్చేది ఒకటుంది, దాన్ని దాచక్కర్లేదు. మద్యానికి బానిసయ్యే అవకాశంలో సుమారు సగం జన్యువుల వాటా అని కవలల మీద జరిగిన అధ్యయనాలు తేల్చాయి. మిగతాది చూసి నేర్చుకున్నది, దొరికే తీరు, తోడు, బతుకులోని ఒత్తిడి. షుగరు ఉన్న ఇంట్లో పుట్టినవాడు తీపి దగ్గర ఎక్కువ జాగ్రత్తగా ఉంటాడు. మీరూ, రేపు మీ పిల్లలూ అంతే. శాపం తెంచే కూడికలకు మళ్లీ వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. వెళ్తే ఒక నష్టం మాత్రం చెప్పాలి. శుక్రవారం తెగిందని చెప్పింది శనివారం తిరిగొస్తే, తప్పు మీ విశ్వాసం మీదికే వస్తుంది, మీరు ఇంకో మెట్టు కిందికి దిగుతారు. రెండోసారి బాప్తిస్మం కూడా ఇంకో వైండింగే అవుతుందని నా భయం. బాప్తిస్మం ఒక్కటే అంటాడు పౌలు, ఎఫెసీ 4:5.

తోడు మాట. యాకోబు 5:16 పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమంటుంది, స్వస్థత పొందేలా. మీరు ఏడేళ్లుగా దేవుని దగ్గర ఒప్పుకుంటున్నారు, మనిషి దగ్గర ఒక్కసారీ ఒప్పుకోలేదు. ఆ మనిషి ఎవరై ఉండాలో చెప్తాను. మగవాడు. బంధువు కాదు. మీరు అప్పు పడ్డవాడు కాదు. శనివారం రాత్రి ఏడున్నరకు ఫోన్ ఎత్తేవాడు. ఇతరుల గుట్టు మీ దగ్గర ఎప్పుడూ విప్పనివాడు, ఇదే పెద్ద గుర్తు. విప్పినవాడు రేపు మీదీ విప్పుతాడు. అలాంటివాడు మీ సంఘంలో లేకపోతే పక్క సంఘంలో వెతకండి, తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడికల్లో వెతకండి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు, ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్, ఒకరినొకరు నిలబెట్టుకోవడంతో అది మొదలైంది. ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమంలో తిరిగినవాళ్లే. తొలి రోజుల్లో వాళ్లు మళ్లీ మళ్లీ చదువుకున్న భాగాల్లో యాకోబు పత్రిక ఒకటి. ఇప్పుడది ఏ మతానికీ చెందినది కాదు, ఫీజు లేదు, పేరు అడగరు. అక్కడ యేసు పేరు వినబడకపోవచ్చు, అది మీకు ఇబ్బందిగా ఉండొచ్చు. కాని గోడ మీద చీమలు చూసినవాడు ఇంకొకడు అక్కడ ఎదురుగా కూర్చుని ఉంటాడు.

పాస్టరు గారికి చెప్పాలా? చెప్పకపోతే డోలక్ చేతిలో ఉంటుంది, గుట్టూ ఉంటుంది, ఈ చక్రం ఆ గుట్టు మీదే తిరుగుతోంది. చెప్తే కొన్ని నెలలు డోలక్ పక్కన పెట్టమనవచ్చు. బాధగా ఉంటుంది. శిక్ష అనుకోకుండా, ఆసుపత్రి నుంచి వచ్చినవాడికి ఇచ్చిన సెలవు అనుకుంటే తేలికవుతుంది. ఆయన మాట దాచలేని మనిషైతే ముందు ఆ తోడుకు చెప్పి, ఆ తోడుతో కలిసి వెళ్లండి. ఎక్కువ మాటలు అక్కర్లేదు. "అయ్యగారూ, నేను తాగుతున్నాను. ఆసుపత్రిలో చేరబోతున్నాను. నెలకు రెండుసార్లు నన్ను పిలిచి అడగండి." అంతే. ఒక్క విన్నపం, మూడో వారంలోనే మైకు పట్టుకుని "విడుదల పొందాను" అని సాక్ష్యం చెప్పమంటే ఒప్పుకోకండి. ఆ సాక్ష్యం చెప్పిన నెలకు పడ్డవాడికి దాక్కోవడం తప్ప దారి ఉండదు. ఏడాది గడవనివ్వండి.

బల్ల గురించి మీ సంఘం కట్టడి ఏమిటో పాస్టరు గారిని అడగాలి. వాక్యం మాత్రం, మనిషి తన్ను తాను పరీక్షించుకుని, ఆలాగు ఆ రొట్టె తినాలి అంటుంది, 1 కొరింథీ 11:28. పరీక్షించుకుని పారిపొమ్మనలేదు. ఇక్కడ ఎవరూ చెప్పని చిన్న విషయం ఒకటుంది. మీ చర్చిలో గిన్నెలో పోసేది ద్రాక్షరసమా, పులిసిన వైనా కనుక్కోండి. వైన్ అయితే మీకు రసం వేరుగా ఇవ్వమనండి, లేదా రొట్టె ఒక్కటే తీసుకోండి. డైసల్ఫిరామ్ వేసుకుంటున్నవారికి ఒక గుక్క కూడా ప్రమాదమే. ఆల్కహాల్ కలిసిన దగ్గు మందులు, టానిక్కులు కూడా అంతే, సీసా మీద చదివి తీసుకోండి.

చెల్లెమ్మ పుట్టింటికి వెళ్తానంటే ఆపకండి. మీరు చెయ్యి చేసుకున్నారు. తాగిన మైకంలో అన్నది కారణమే గాని సమాధానం కాదు. సంఘంలో ఎవరైనా ఆమెతో "ఓర్చుకో అమ్మా, ప్రార్థన చెయ్యి" అంటుంటే, అది తప్పని మీరే చెప్పాలి. మీరు ఆసుపత్రిలో ఉన్న పది రోజులు ఆమెకు అక్కడ తోడుంటుంది, పిల్లలకు నిద్ర ఉంటుంది. ఉండిపోతానంటే కూడా ఆమె ఇష్టమే. ఏదైనా అయితే 181 మహిళల హెల్ప్‌లైన్ నంబరు ఆమె ఫోన్లో ఉండాలి, మీరే ఎక్కించి ఇవ్వండి. నన్ను నమ్ము అని ఇక అడగొద్దు. ఆ మాట ఆమె పద్నాలుగుసార్లు విన్నది. పన్ను వసూళ్లలో అన్యాయం చేసి మారిన జక్కయ్య నమ్మమని అడగలేదు, ఎవరికి ఎంత తిరిగిస్తాడో లెక్క చెప్పాడు. కమ్మల తాకట్టు రసీదు తీసి అసలెంత, వడ్డీ ఎంత, ఏ తేదీ లోపు విడిపించాలో రాసి ఆమె చేతికివ్వండి. వారానికి ఎంత కట్టగలరో ఆ కాగితం కిందే రాయండి.

చివరగా శనివారం. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి శనివారం ఎలా గడవాలో ఇప్పుడే తేల్చుకోవాలి. కూలి చేతికి వద్దు, చెల్లెమ్మ ఖాతాకు ఫోన్లో వెయ్యమని యజమానికి చెప్పండి. కారణం అడిగితే కమ్మలు విడిపించాలి అనండి, అబద్ధం కాదు కదా. ఐదున్నరకల్లా రెండు గుడ్లో నాలుగు ఇడ్లీలో తినండి, ఆకలినీ తాగాలన్న యావనూ మెదడు చాలాసార్లు ఒకటిగానే వింటుంది. బస్టాండు దారి మార్చండి, పది నిమిషాలు ఎక్కువైనా కాలువ గట్టు మీదుగా వెళ్లండి. యావ వస్తే అది పెరిగి, ఉండి, దిగడానికి సాధారణంగా పదిహేను నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ అరగంట గదిలో మోకరించి ఒంటరిగా పోరాడకండి, ఒంటరితనం దానికి మేత. నడుస్తూ ప్రార్థించండి, నోరారా, నడుస్తూనే ఆ తోడుకు ఫోన్ కలపండి.

ఏడింటికి ఎక్కడ ఉండాలన్నది పాస్టరు గారితో మాట్లాడాల్సిన మాట. శ్రమకాలంలో రోజూ నడిచే ఇళ్ల కూడిక ఈస్టర్ తర్వాత శనివారం ఒక్కరోజైనా నడపగలరా అని అడగండి. మీ సంఘంలో శనివారం కూలి అందుకునేది మీరొక్కరే కాదు. నడపలేమంటే మీ ఇంట్లోనే పెట్టండి, ముగ్గురొచ్చినా చాలు. ఉప్మా మీరు చెయ్యండి. డోలక్ పక్కన పెట్టమన్నది ఆదివారం ఆరాధనలోనేనా, ఇంటి కూడికలో కూడానా అన్నది అప్పుడే అడిగి తెలుసుకోండి.